ఆకు ఈనెలు, బెండకాయ అచ్చులు, ఏడు చుక్కలు: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రకృతిలోని అమరికలు నేర్పడం ఎలా?

గణితం పుస్తకంలో అమరికల పాఠం ఒక ప్రశ్నతో మొదలవుతుంది. గుండ్రం, చదరం, గుండ్రం, చదరం... తర్వాత ఏది? జవాబు చెప్పాలంటే బొమ్మ కనపడాలి, ప్రశ్న వినపడాలి, మాట రావాలి, ఆ కాసేపూ కుదురుగా కూర్చోగలగాలి. వీటిలో ఏ ఒక్కటి తక్కువైనా ఆ పిల్లకు అమరికలు రావని రాసేస్తాం. అదే పిల్ల చేతికి ఓ చింతరెమ్మ, ఓ కరివేపాకు రెబ్బ ఇచ్చి చూడండి. చింతరెమ్మకు చిట్టి ఆకులు ఎదురెదురుగా జంటలు జంటలుగా ఉంటాయి. కరివేపాకు రెబ్బకు ఒకటి ఇటు, కాస్త పైన ఇంకొకటి అటు. కళ్లు మూసుకుని తడిమినా తేడా తెలిసిపోతుంది. రెండు కుప్పలుగా వేరు చేయమంటే మాటతో పని లేకుండానే పిల్ల తనకేం తెలుసో చూపించేస్తుంది.

భవిత కేంద్రాల్లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేవి) పనిచేసే టీచర్లకు, మామూలు తరగతిలో ఒకరిద్దరు ఇలాంటి పిల్లలున్న టీచర్లకు, ఇంట్లో నేర్పుకునే అమ్మానాన్నలకు ఈ పాఠాలు పనికొస్తాయి. ముఖ్యంగా కొనాల్సింది కాగితాలు, క్రేయాన్లు. మిగతావి చాలావరకు పెరట్లోనో వంటింట్లోనో దొరుకుతాయి.

ముందు పిల్లవాడి సంగతి కనుక్కోండి

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం (సదరం సర్టిఫికెట్) మీద వైకల్యం పేరు, శాతం ఉంటాయి. పింఛనుకు, బస్సు పాసుకు ఆ కాగితం కావాలి గానీ రంగుల పాఠం తయారుచేసుకోవడానికి అంతగా పనికిరాదు. వేలికి జిగురు అంటితే ఏడుస్తాడా? చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడా? ఏ చెయ్యి బాగా కదులుతుంది? గీత ఎంత లావుంటే కనపడుతుంది? ఇవి శాతంలో ఉండవు, వాళ్లమ్మకు తెలుస్తాయి. మూర్ఛ, ఆయాసం, దద్దుర్ల సంగతి కూడా అప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

ఎంతసేపు ఒకచోట కూర్చుంటాడో అడగడం మరచిపోవద్దు. పది నిమిషాలు అంటే మీ పాఠం ఎనిమిది నిమిషాలకే అయిపోవాలి. విసుగు పుట్టకముందే ఆపితే మర్నాడు తనే వచ్చి కూర్చుంటాడు. విసిగిపోయి లేచిపోతే, ఆ రంగు డబ్బా కనపడగానే మళ్లీ లేచిపోతాడు.

తర్వాత కూర్చునే తీరు. పాదాలు గాలిలో వేలాడుతుంటే చెయ్యి నిలకడగా ఉండదు. పాదాల కింద పీట వేయండి, లేదా పాత పుస్తకాలు కట్టకట్టి పెట్టండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండకపోవడం) ఉన్న పిల్లల విషయంలో రంగుల కన్నా, కాగితం కన్నా ముందు చూసుకోవలసింది ఇదే. కాగితం నాలుగు మూలలకూ టేపు వేయండి. పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ పరవండి. చూపు తక్కువున్న పిల్లల బల్ల మీద మెరిసే షీటు ఉంటే తీసేసి, నల్లటి చార్టు పేపరు వేయండి. దాని మీద తెల్లకాగితం, పసుపు పళ్లెం వెంటనే కంటికి ఆనుతాయి.

ఏ ఆకులు తేవాలి, ఏవి తేకూడదు

జామ, మందార, రావి, బాదం, అరటి, చింత, కరివేపాకు. వీటితో ఏడాదంతా గడిచిపోతుంది.

తేకూడనివి ఇంకా ముఖ్యం. గన్నేరు, పచ్చగన్నేరు నిలువెల్లా విషం. ఉమ్మెత్త కూడా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఇవన్నీ వినాయక చవితి పత్రిలో ఇళ్లకు వచ్చేవే కదా అనుకోవచ్చు. పూజ సంగతి వేరు, ఏది ఇచ్చినా నోట్లో పెట్టుకునే పిల్లవాడి సంగతి వేరు. వయ్యారిభామ తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. ఆముదం గింజలు, గురివింద గింజలు అసలు గదిలోకే రానివ్వొద్దు. గురివిందలు ఎరుపు నలుపుల్లో అమరికల పాఠం కోసమే పుట్టినట్టుంటాయి, పిల్లలు వదలరు. నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. వాటి బదులు సీతాఫలం గింజలు వాడదామని ఎవరైనా అంటారు. వాటి పొడి కంట్లో పడినా ప్రమాదమే. చింతపిక్కలు చాలు, అదీ మింగే అలవాటు లేని పిల్లలకు.

బజారులో దొరికే రంగుల ముగ్గుపొడి గాలికి లేస్తుంది, ఆయాసం ఉన్న పిల్లలకు పడదు. పొడిగా వాడాల్సి వస్తే బియ్యప్పిండే మేలు.

మొదటి పాఠం: ఆకు ఈనెలు

ఒక్క పాఠానికి ఒక్క అమరిక, ఒక్క వస్తువు, ఒక్క రంగు. ‘ప్రకృతిలో అమరికలు’ అని చార్టు మీద సీతాకోకచిలుక, నత్త, తేనెపట్టు, నెమలీక అన్నీ కలిపి అంటించడం చాలా బళ్లలో చూస్తుంటాం. గోడకు అందంగానే ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లవాడికి అది వినలేనంత గోల, చూపు తక్కువున్న పిల్లకు ఒక మసక.

జామాకుతో మొదలుపెట్టండి. అడుగు వైపున దాని ఈనెలు బాగా ఉబ్బి ఉంటాయి, ఆకు మందంగా ఉంటుంది, తొందరగా చిరగదు. ముదురాకులు కోసి, తుడిచి, తడి లేకుండా చూసుకోండి.

1. ఆకును పిల్లవాడి చేతిలో పెట్టండి. ఏమీ చెప్పకండి. వాసన చూస్తాడు, నలుపుతాడు, చెంపకు రాసుకుంటాడు. ఆ ఆకు పాడైపోతుందని ముందే తెలుసుకుని ఇంకో నాలుగు పక్కన పెట్టుకోండి.

2. ఇంకో ఆకును అడుగు వైపు పైకి వచ్చేలా అట్ట మీద పెట్టి, తొడిమ నుంచి కొస దాకా నడిమి ఈనె మీద మీ వేలు నడిపించండి. “పెద్ద ఈనె” అనండి. తర్వాత ఒక పక్క ఈనె, రెండో పక్క ఈనె. “చిన్నది, చిన్నది.” అంతకు మించి మాటలు వద్దు.

3. పల్చటి కాగితం కప్పి మూలలకు టేపు వేయండి. క్రేయాన్ మీది కాగితం చుట్ట ఊడదీసి, దాన్ని పడుకోబెట్టి రుద్దమనండి. నిలబెట్టి గీస్తే ఈనెలు పడవు, కాగితం చిరుగుతుంది.

4. నడిమి ఈనె ముందు తేలుతుంది. ఆ తర్వాత దానికి అటూ ఇటూ ఏటవాలుగా పక్క ఈనెలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఇంకా రుద్దితే వాటి మధ్య సన్నటి వల కనపడుతుంది. పిల్లవాడి చెయ్యి సరిగ్గా ఇక్కడ ఆగుతుంది. తనేం గియ్యలేదు, అయినా బొమ్మ వచ్చింది. వెంటనే “భలే” అని అరవకండి. చూడనివ్వండి.

5. ఇప్పుడు అడగండి: “ఇటు ఈనె ఉంది, అటు?” అడిగాక మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకోండి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రశ్న లోపలికి వెళ్లి జవాబు బయటికి రావడానికి ఆమాత్రం సమయం పడుతుంది. మూడు అంకెలు లెక్కపెట్టగానే మనకు నోరు దురద పెడుతుంది. ఆపుకోండి.

మర్నాడు అరిటాకు ముక్క. నడిమి ఈనె ఉంటుంది కానీ పక్క ఈనెలు వలలా అల్లుకోవు, గీతలు గీసినట్టు ఒకదాని పక్కన ఒకటి పోతాయి. జామాకు కాగితం, అరిటాకు కాగితం పక్కపక్కన పెట్టి, తర్వాత మందారాకు రుద్దించి, ఇది దేని జట్టు అని అడగండి. కాగితాన్ని సరైన వైపుకి జరిపితే చాలు, నోటితో చెప్పనక్కర్లేదు.

పూర్తిగా చూపులేని పిల్లలకు క్రేయాన్ పని ఉపయోగం లేదు. రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ తీసుకోండి. అంచులు వేలికి కోసుకోకుండా చుట్టూ మడవండి. ఆకు మీద పరిచి, దూది ఉండతో మెల్లగా నొక్కుకుంటూ పొమ్మనండి. ఈనెలన్నీ ఫాయిల్ మీద పొంగి నిలుస్తాయి. వెనకవైపు ఫెవికాల్ మందంగా పూసి అట్టకు అంటిస్తే అణగిపోకుండా నెలల తరబడి తడుముకోవచ్చు. బంకమన్ను దొరికితే ఇంకా మంచిది. చపాతీలా ఒత్తి, ఆకు అదిమి, మెల్లగా లాగేయడమే. ఈ రెండూ చూపున్న పిల్లలకూ ఇవ్వండి. చూపులేని పిల్లవాడికి మాత్రమే వేరే పని పెడితే వాడు మళ్లీ ఒంటరివాడే.

వినికిడి లోపం ఉన్న పిల్లలతో ఒక్క జాగ్రత్త. వాళ్లు ఆకును, మీ ముఖాన్ని, మీ సైగను ఒకేసారి చూడలేరు. ఆకు చూపించి ఆగండి, తల ఎత్తాక సైగ చేయండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం నీడలో పడి పెదాలు కనపడవు.

ఆటిజం ఉన్న పిల్లలకు పని వరసను వస్తువులతోనే చూపించండి. ఎడమ నుంచి కుడికి నాలుగు గిన్నెలు: ఆకు, కాగితం, క్రేయాన్, ఖాళీ గిన్నె. ఒక్కొక్క పని అవగానే ఆ వస్తువు ఖాళీ గిన్నెలోకి పోతుంది. అన్నీ అందులోకి వెళితే పని అయిపోయినట్టు. ఇంకా ఎంతసేపో కళ్లకు కనపడుతుంటే గొడవ సగం తగ్గుతుంది. ఈ గిన్నెల వరస కూడా ఒక అమరికే. మీరు చెప్పకపోయినా వాళ్లు పట్టేస్తారు, ఒక గిన్నె చోటు మారిస్తే ఒప్పుకోరు.

రెండో పాఠం: బెండకాయ అచ్చులు

బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు గదుల పువ్వు కనపడుతుంది. కొన్ని రకాలకు ఆరూ ఏడూ కూడా ఉంటాయి, అందుకని ముందే కోసి చూసుకోండి. కాస్త ముదిరిన కాయలు తేవాలి, లేతవి ఒత్తితే చితికిపోతాయి. కోసిన వెంటనే జిగురు కారుతుంది. అది తగిలితే చెయ్యి వెనక్కి లాక్కునే పిల్లలుంటారు కాబట్టి గుడ్డతో తుడిచి కాసేపు ఆరనివ్వండి. ఉల్లిపాయను సగానికి అడ్డంగా కోస్తే ఒకదాంట్లో ఒకటి వలయాలు. ఈ రెండు అచ్చులు చాలు.

రంగుకు పసుపు ఒకటి, బీట్‌రూట్ రసం ఒకటి. కొద్దిగా ఉడికించిన బియ్యప్పిండి జావ కలిపితే చిక్కబడి అచ్చు చక్కగా పడుతుంది. నోట్లో పెట్టుకున్నా భయం లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది, నిజమే, అది మీరు కలిపి చూపించండి, సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. పళ్లెంలో పాత స్పాంజి పెట్టి రంగు దాని మీద పోయండి. అప్పుడు రంగు ఎక్కువ అంటుకోదు.

పట్టు లేని చేతికి బెండకాయ సన్నగా ఉంటుంది, జారిపోతుంది. దానికి పాత బనీను గుడ్డ లావుగా చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఉల్లిపాయకైతే వెనకవైపు ఫోర్కు గుచ్చితే పిడి తయారు.

ఇక అమరిక. ఇది నాలుగు మెట్లుగా వెళుతుంది, మెట్టు దాటిస్తే పునాది లేకుండా పోతుంది.

మొదటి మెట్టు, మీరు వేసినట్టు వేయడం. పై వరసలో మీరు పువ్వు, వలయం, పువ్వు, వలయం వేయండి. కింది వరసలో, ఒక్కో అచ్చు కింద ఒక్కోటి, పిల్లవాడు అదే వేస్తాడు. రెండో మెట్టు, మీరు ఆపినచోటి నుంచి కొనసాగించడం. మూడో మెట్టు, మధ్యలో ఖాళీ వదిలి అక్కడ ఏది రావాలో వేయించడం. ఇది రెండో మెట్టు కన్నా కష్టం, ఎందుకంటే ముందుకూ వెనక్కూ చూడాలి. నాలుగోది, తన సొంత అమరిక. కొందరు పిల్లలు మొదటి మెట్టు మీద రెండు నెలలుంటారు. ఉండనివ్వండి. అచ్చు వేయడంలోనే వాళ్లకు ఆనందం ఉంది, మీకేం తొందర?

పిల్లవాడు వరస తప్పితే “కాదు” అనకండి. మొదటి నుంచి వేలు పెట్టి చదవండి: పువ్వు, వలయం, పువ్వు, పువ్వు... ఆ రెండో ‘పువ్వు’ దగ్గర మీ గొంతు ఆగితే చాలామంది పిల్లలు చటుక్కున తల ఎత్తుతారు. చెవి పట్టిన తప్పును కన్ను తర్వాత దిద్దుకుంటుంది. వినపడని పిల్లలకు ఇదే పని భుజం మీద తట్టి చేయవచ్చు: పువ్వుకు ఒక తట్టు, వలయానికి చేత్తో గుండ్రంగా ఒక రుద్దు.

చెయ్యి పట్టి వేయించాల్సి వస్తే పిల్లవాడి చేతి పైన మీ చెయ్యి వేసి నొక్కకండి. మీ చెయ్యి కింద ఉండాలి, అచ్చు మీరు పట్టుకోవాలి, మీ చేతి మీద వాడి చెయ్యి ఆనాలి. వద్దనుకుంటే తీసేసుకోవచ్చని వాడికి తెలియాలి. చూపులేని పిల్లలకు చేతులే కళ్లు. వాటిని అడగకుండా లాగి పట్టుకోవడం ఎంత ఇబ్బందో ఆలోచించండి.

మూడో పాఠం: సీసా మూతలు, సందు చుక్కలు, తేనెపట్టు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది. మన గుమ్మంలోనే ఉంది.

ఒకే సైజు సోడా మూతలు, లేదా నీళ్ల సీసాల మూతలు ఓ యాభై పోగేయండి. ఒక మూతను బల్ల మధ్య పెట్టి, దాన్ని ఆనుకుని చుట్టూ మూతలు పేర్చమనండి. ఎన్ని పడతాయో మీరు చెప్పొద్దు. ఒకటి, రెండు, మూడు... ఆరోది పెట్టగానే వరస మూసుకుంటుంది. ఏడోదానికి చోటుండదు, ఆరింటి మధ్య సందూ మిగలదు. పెద్ద మూతలతో చేసినా ఆరే, రూపాయి బిళ్లలతో చేసినా ఆరే. అన్నీ ఒకే సైజు అయితే చాలు. లెక్క రాని పిల్లవాడికి కూడా ‘ఇక పట్టదు’ అన్నది వేళ్లకు తెలుస్తుంది. చూపులేని పిల్లవాడు చూపున్నవాడితో సమానంగా, ఒక్కోసారి ఇంకా నీటుగా చేసే పని ఇది. మూతలు జారిపోతుంటే చపాతీ పిండి ముద్దను పలకలా ఒత్తి దాని మీద అదమనివ్వండి.

ఇప్పుడు ఆ ఏడు మూతల్నీ చుక్కలనుకోండి. పై వరసలో రెండు, మధ్యలో మూడు, కింద రెండు. ముగ్గులేసే వాళ్లెవరైనా చూడగానే చెప్పేస్తారు: ‘మూడు చుక్కలు, రెండు వచ్చేదాకా సందు చుక్క’. పత్రికల్లో వచ్చే ‘ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క’ ముగ్గు దీనికి పెద్దక్క. దానికి 37 చుక్కలు పడతాయి. మధ్యలో ‘ఐదు, మూడు వచ్చేదాకా’ అయితే 19. పిల్లలకు ఏడుతో మొదలుపెట్టి, కుదిరితే పంతొమ్మిది దాకా వెళ్లండి.

మూతలు తీసేసి, ఒక్కోదాని చోట ఒక చుక్క పెట్టించండి. బియ్యప్పిండిని రెండు వేళ్ల మధ్య నుంచి జారవిడవడం చాలా సున్నితమైన విద్య, వేళ్లు బిగుసుకునే పిల్లలకు రాదు. వాళ్లకు బియ్యప్పిండిని దోసెల పిండిలా జారుగా కలిపి సాస్ సీసాలో పోసి ఇవ్వండి. నొక్కితే చుక్క పడుతుంది. సీసా కూడా నొక్కలేకపోతే వేలిముద్రతో. ఆ తర్వాత మధ్య చుక్క నుంచి బయటి ఆరు చుక్కలకూ ఒక్కో రేక గీస్తే ఆరు రేకుల పువ్వు. బయటి ఆరు చుక్కలను గీతతో కలిపితే ఆరు మూలల గది.

ఈ గదే తేనెపట్టులో ఉంటుంది. ఖాళీగా వదిలేసిన పాత పట్టు ముక్క తేనె తీసేవాళ్ల దగ్గర దొరుకుతుంది, అడిగి తెచ్చుకోండి. ఈగలున్న పట్టు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లకండి. కందిరీగలు వదిలేసిన గూడైనా సరే, దానికీ ఆరు మూలల గదులే. పిల్లల వేలు గదుల అంచుల మీద తిరగాలి. ఒక గది గోడే పక్క గదికీ గోడ, మధ్యలో వృథా చోటు లేదు. అదే విశాలమున్న గదులు కట్టడానికి ఇంతకన్నా తక్కువ మైనంతో పని జరగదు. ఈ సంగతి ఎదిగిన పిల్లలకు చెప్పండి. చిన్నవాళ్లకు మూతల్ని, పట్టునూ పక్కపక్కన పెట్టి తడమనిస్తే చాలు.

బ్రెయిలీ నేర్చుకుంటున్న పిల్లలుంటే బ్రెయిలీ పలకా, స్టైలస్ (చుక్కలు పొడిచే మొన) తోనే ముగ్గు పెట్టించవచ్చు. మందపాటి కాగితం మీద వెనక నుంచి పొడిస్తే ముందువైపు చుక్కలు పొంగుతాయి, ఎడమ కుడి తారుమారవుతాయి. ముగ్గుకు రెండు వైపులూ ఒకటే కాబట్టి ఆ బెంగ లేదు. గీతలకు టైలర్లు గుడ్డ మీద గుర్తులు పెట్టే పళ్ల చక్రం వాడండి. కింద రబ్బరు షీటు వేసి చక్రం నడిపితే వెనకవైపు చుక్కల గీత లేస్తుంది.

మగపిల్లలతో ముగ్గులేమిటి అని ఇంట్లో ఎవరైనా నవ్వితే పట్టించుకోకండి. ధనుర్మాసంలో అయితే మరీ మంచిది. పక్కింటి బామ్మగారినో మామ్మగారినో ఓ అరగంట కూర్చోమని బతిమాలండి. వాళ్లు ముగ్గు వేస్తూ చుక్కల లెక్క పైకి చెప్పుకుంటారు. ఆ వేగం, ఆ పలుకు పిల్లలకు టీచర్ చెప్పే పాఠం కన్నా తొందరగా అందుతుంది.

సుడులు: కొంచెం చాలు

నత్తగుల్ల, అనాసపండు, పొద్దుతిరుగుడు పువ్వు. గుల్ల మీద వేలు నడిపించి, బంకమన్నుతో పొడుగాటి తాడు చేసి చుట్ట చుట్టించండి, లేదా జనపతాడును జిగురు పూసిన అట్ట మీద చుట్టనివ్వండి. అంతే పాఠం. పొద్దుతిరుగుడు గింజల సుడులు ఒక వైపు 34, ఇంకో వైపు 55 ఉండటం మామూలు. అంకెలంటే పడిచచ్చే పిల్లవాడు ఒకడు ఉంటే ఎండిన పువ్వు ఒకటి వాడికిచ్చి వదిలేయండి, మిగతావాళ్లను లెక్కలతో విసిగించకండి.

ఆ 34, 55 ఒక అంకెల వరసలోవి: 1, 2, 3, 5, 8... ముందున్న రెండూ కలిపితే తర్వాతది. ఈ వరస ఐరోపాలో 1202లో ఇటలీ గణితవేత్త ఫిబొనాచి పుస్తకంతో పేరుకెక్కింది కానీ, అంతకు ముందే మన ఛందస్సు వాళ్లకు తెలుసు. విరహాంకుడు, 12వ శతాబ్దపు హేమచంద్రుడు మాత్రలు లెక్కపెడుతూ దీన్ని చేరుకున్నారు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను ఐదు రకాలుగా పేర్చవచ్చు, ఐదు మాత్రలను ఎనిమిది రకాలుగా. చేతితో ఏదీ పట్టుకోలేని పిల్లలకు ఇది చప్పట్ల ఆటగా పనికొస్తుంది: లఘువుకు తొడ మీద ఒక తట్టు, గురువుకు చప్పట్టు కొట్టి చేతులు అలాగే కాసేపు కలిపి ఉంచడం. చేతులు కదలకపోతే కళ్లార్పినా సరే.

మధ్యలో వచ్చే గొడవలు

రంగు తినేస్తున్నాడు: రంగులన్నీ తినేవే కాబట్టి గాభరా పడకండి. గిన్నెలో కొంచెమే పోయండి, పని మొదలుపెట్టే ముందు నమలడానికి ఏదైనా ఇవ్వండి.

తాకనే తాకడు: జిప్ కవరులో రంగు, ఆకు వేసి గాలి తీసి మూసి, అంచుకు టేపు వేసి బల్లకు అంటించండి. పైనుంచి నొక్కుతాడు, చేతికి ఏమీ అంటదు. కొన్ని వారాలకు కవరు తెరవమని తనే అడగవచ్చు, అడగకపోవచ్చు కూడా.

అచ్చు వేసినచోటే మళ్లీ మళ్లీ వేస్తున్నాడు: కాగితం మీద గళ్లు గీయండి. ఇంకా ఆగకపోతే గుడ్ల అట్ట ఇచ్చి ఒక్కో గుంటలో ఒక్కో చింతపిక్క పెట్టించండి. ఒక చోటు, ఒక వస్తువు అన్నది అక్కడ చేతికి అలవాటవుతుంది.

చించేశాడు: చించిన ముక్కలు పారేయకండి. వాటితోనే వరస పేర్చండి, పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది.

ఏడుస్తూ నేల మీద పడ్డాడు: పాఠం అక్కడితో సరి. లైటు, శబ్దం, వాసన, ఆకలి, వీటిలో ఏది కారణమో మర్నాడు వాళ్లమ్మతో కూర్చుని చూసుకోండి.

ఎంతవరకు వచ్చిందో రాసుకోవడం

బొమ్మ బాగుందా లేదా అన్నది వదిలేయండి. వ్యక్తిగత విద్యా ప్రణాళికలో మీరు రాయాల్సింది మూడే: తానే చేశాడా, సైగ చేస్తే చేశాడా, చేతి సాయంతో చేశాడా. తేదీ వేసి, పక్కన ఫోన్‌తో తీసిన ఫోటో పెట్టుకోండి. తర్వాత వస్తువు మార్చి చూడండి. బెండకాయ, ఉల్లిపాయతో వచ్చిన వరస దండెం మీది ఎరుపు, నీలం క్లిప్పులతో కూడా వస్తే అమరిక తెలిసినట్టు. రాకపోతే పిల్లవాడికి తెలిసింది బెండకాయ అచ్చు మాత్రమే, ఇంకొన్నాళ్లు ఆగాలి.

డిసెంబర్ 3న దివ్యాంగుల దినోత్సవం వస్తుంది, ప్రదర్శన పెట్టమంటారు. నవంబర్ చివరి వారంలో చాలాచోట్ల ఒక పని జరుగుతుంది: పిల్లల బొమ్మలకు టీచర్లు అంచులు దిద్దుతారు, ఖాళీలు నింపుతారు, వంకరపోయిన రేకను సరిచేస్తారు. దయచేసి వద్దు. వచ్చిన అధికారి రెండు నిమిషాలు చూసి వెళతారు. పిల్లవాడు తన బొమ్మ ముందు నిలబడి అందులో తన గీత ఏదో వెతుక్కుంటాడు. బొమ్మ పక్కన ‘ఏడు చుక్కలు సొంతంగా పెట్టాడు, రేకలు నాలుగు గీశాడు’ అని రాసిపెట్టండి. అమ్మానాన్నలు చదివేది అదే.

సామాన్ల సంగతి. బెండకాయ, ఉల్లిపాయ అచ్చులు ఏ రోజువి ఆ రోజే పారేయండి, మర్నాటికి వాసన వస్తాయి. జావ కలిపిన రంగు ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులే. మట్టి అచ్చులు నీడలో ఆరాలి, ఎండలో పెడితే నెర్రెలు విచ్చుతాయి. నెర్రెలు విచ్చిందాన్ని పారేయకండి, ఎండిన చెరువు అడుగు ఎలా ఉంటుందో చూపించడానికి అదే పాఠం. వానాకాలంలో రుద్దిన కాగితాల మధ్య న్యూస్ పేపర్ పెట్టి కట్టండి, బూజు పట్టదు. వచ్చేవారానికి జామాకులు తెచ్చే పని ఆ పిల్లవాడికే అప్పగించండి, చెట్టు ఎక్కడుందో వాడికి ఈపాటికి తెలిసే ఉంటుంది.